నీలం వచ్చేదాకా

నా మొగుడికి రంగులు తెలియవు. నలుపూ తెలుపూ తెలుసు, పసుపు తెలుసు. నీలానికీ వంకాయరంగుకీ మాత్రం తేడా తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఏదని అడిగితే ముందు దిక్కులు చూస్తాడు, తర్వాత కోప్పడతాడు. సంబంధం కుదిరేటప్పుడు మా అత్తగారు, "మావాడు రంగులూ హంగులూ పట్టించుకునే రకం కాదమ్మా" అని మురిసిపోతూ చెప్పింది. అదేదో సుగుణమనుకుని నేనూ మురిసిపోయాను.

బట్టల దుకాణంవాడికైతే ఇది పెద్ద లోపమే గానీ కత్తులు చేసేవాడికి ఏం పోయిందిలే అనుకుంటారు ఎవరైనా. తిరకాసంతా అక్కడే ఉంది. కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన కత్తి గాజులాంటిది. గట్టిగానే ఉంటుంది, కింద పడితే మాత్రం రెండు ముక్కలవుతుంది. అందుకని దాన్ని మళ్ళీ నెమ్మదిగా వేడి చేస్తారు. ఎర్రగా కాలిన ఇనపదిమ్మ మీద కత్తి వెన్ను ఆనించి పట్టుకుంటే, మెరుగుపెట్టిన ఉక్కు మీద రంగులు పుడతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత వంకాయరంగు, దాని వెనకే నీలం. నీలం దాటితే బూడిద. వెన్ను మీద నీలం వచ్చేసరికి గడ్డిరంగు నడుచుకుంటూ పదునుండే వాదర దాకా వచ్చి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నీళ్ళలో ముంచాలి. వంకాయరంగు దగ్గరే ముంచేస్తే కత్తి వంచినప్పుడు విరుగుతుంది. బూడిద దాకా పోనిస్తే రేకులా మెత్తబడుతుంది. మధ్యలో నీలం నిలిచేది నాలుగు ఊపిరుల సేపు. ఆ నాలుగు ఊపిరులూ మా ఆయనకి కనిపించవు.

నాకు కనిపిస్తాయి. పెళ్ళయిన మొదటి నెలలో ఆయన పద్నాలుగు కత్తులు విరగ్గొట్టాడు. పదిహేనోది దిమ్మ మీద ఉండగా నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళి, "అదేంటండీ, నీలం రాకుండానే తీసేస్తున్నారు?" అన్నాను. ఆయన పట్టకారు అలాగే పట్టుకుని నా వంక చూశాడు. అంత ఆరాధనగా నన్నెవరూ చూడలేదు. అది నా మొహాన్ని చూసిన చూపని చాలాకాలం భ్రమపడ్డాను. మర్నాటి నుంచి నాకు ఉద్యోగం దొరికింది. దిమ్మ పక్కన నిలబడి, కళ్ళల్లో వత్తులు వేసుకుని, సమయానికి "ఊఁ" అనడమే ఆ ఉద్యోగం. పదకొండేళ్ళు చేశాను. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఆఖరికి మా ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా చెప్పలేదు.

కత్తుల పనివాళ్ళకి ఒక సంఘం ఉంది. ఆ సంఘం ముద్ర పడితేనే కత్తి మీద సొంత పేరు చెక్కుకోవచ్చు. లేకపోతే ఎంత పనిమంతుడైనా చచ్చేదాకా పెద్ద దుకాణాలకి పేరులేని కత్తులు చేసి పెడుతూ ఉండాల్సిందే. ముద్ర కావాలంటే ఆరు కత్తులు చెయ్యాలి. ఐదు చూడటానికి, ఆరోది చంపడానికి. ఆరోదానితో వేలాడుతున్న తాడును ఒక్క వేటుకి తెగ్గొట్టాలి, దుంగను నరకాలి, తర్వాత కూడా చేతి మీద వెంట్రుకలు గొరగాలి, చివర్న ఇనప దవడల వైసులో బిగించి మూలమట్టంలా వంచితే విరక్కూడదు. కొలిమి, సుత్తి, కన్ను తప్ప ఇంకేదీ వాడకూడదు. వేడి కొలిచే యంత్రం కనబడితే అక్కడికక్కడే పేరు కొట్టేస్తారు. "ఇది నా ఒక్కడి చేతి పని, నా ఒక్కడి కంటి పని" అని సంతకం పెట్టాలి. మనిషికి జన్మలో మూడే అవకాశాలు.

మొదటిది ఆయన పెళ్ళికి ముందే పోగొట్టుకున్నాడు. రెండోది నాలుగేళ్ళ కిందట. అప్పుడు నాకు నెలలు నిండాయి. కత్తులు సంఘానికి తీసుకెళ్ళడానికి మూడు రోజులే గడువు. పొద్దున కొలిమి దగ్గర నిలబడగానే నడుం పట్టేసింది.

"ఏమండీ, నొప్పులొస్తున్నట్టున్నాయి" అన్నాను.

"నొప్పులన్నాక వెంటనే అయిపోతుందా? ఈ రెండూ కానీ."

ఆ రెండూ అయ్యాయి. "దగ్గరదగ్గరగా వస్తున్నాయండీ, వెళ్దాం" అన్నాను. "దిమ్మ మంచి ఎరుపు మీద ఉందే, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు. నాలుగో కత్తి దగ్గర ఉమ్మనీరు పోయింది. గచ్చు మీద తడి చూసి ఆయన ఒక స్టూలు తెచ్చి వేశాడు. నిలబడలేకపోతే కూర్చునే చెప్పమన్నాడు. అబద్ధమాడకూడదు, ఆ మాట మెత్తగానే అన్నాడు. కూర్చుని నాలుగోదానికి చెప్పాను, ఐదోదానికి చెప్పాను. ఆరోది వంకాయరంగు మీద ఉండగా కళ్ళు తిరిగి స్టూలు మీంచి జారిపోయాను. ఆయన కంగారులో కత్తిని నీళ్ళలో పడేశాడు.

ఆస్పత్రిలో మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఆయన ఉన్నాడు, ఉయ్యాల లేదు. డాక్టరమ్మ అప్పటికే చెప్పి వెళ్ళిందట, రెండు గంటల ముందు తెస్తే పిల్లాడు బతికేవాడని. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. "ఆరోది నీలం వచ్చాకే నీళ్ళలో పడిందంటావా?" అని అడిగాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. దాన్ని అవునని లెక్కేసుకుని ఆ కత్తినే తీసుకెళ్ళాడు. వైసులో సగం వంచకముందే పుటుక్కుమంది. తిరిగొచ్చి నా మంచం మీద కూర్చుని, "రెండూ పోయాయే" అన్నాడు. ఒకటి కత్తి, రెండోది కొడుకు. ఆయన లెక్కలో వరస కూడా అదే.

అంతటితో ఊరుకున్నా నేను మర్చిపోయేదాన్నేమో. ఆయన ఊరుకోలేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ, "మొండిదండీ. నొప్పులొస్తున్నాయని చివరిదాకా నోరు విప్పలేదు. ముందే చెప్పి ఉంటే ఎత్తుకుని పరిగెత్తేవాణ్ణి కానూ" అని చెప్పాడు. మా ఆడపడుచు నమ్మింది, ఇరుగుపొరుగు నమ్మారు. మా అమ్మ నమ్మింది. ఇప్పటికీ మా అమ్మ నన్ను చూడగానే ముందు ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాతే బాగున్నావా అంటుంది. కొన్నాళ్ళకి ఆయన కూడా నమ్మేశాడనుకుంటాను. నేను రెండుమూడుసార్లు నోరు తెరవబోయాను. కొలిమి దగ్గర నాకేం పనని అడిగితే కళ్ళ సంగతి బయటపడుతుంది, తిండి పెట్టే పని పోతుంది. నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు ఆయన మీద కంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం.

ఇదంతా విని, మరి మళ్ళీ ఆ దిమ్మ పక్కన ఎందుకు నిలబడ్డావని అడగొచ్చు. పిల్ల కోసం అంటే సగం నిజం. మిగతా సగం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. నాకా రంగంటే ఇష్టం. వంకాయరంగు విచ్చుకుని లోపలినుంచి నీలం పైకి తేలే క్షణం ఉంటుందే, దాన్ని చూడటానికి ఆ మనిషి పక్కన నిలబడటం కూడా ఓర్చుకున్నాను.

ఈ యేడు మూడో అవకాశానికి దరఖాస్తు పెట్టాడు. తీరా జవాబు చూస్తే సంఘం కొత్త నిబంధన తెచ్చింది. ఎవరో దొంగతనంగా కరెంటు పొయ్యి వాడారట. ఇకనుంచి పరీక్షాధికారి ఇంటికే వస్తాడు, ఆరో కత్తి చివరి వేడి తన కళ్ళెదుటే జరగాలి, ఆ సమయంలో పనిగదిలో అభ్యర్థి తప్ప మరో మనిషి ఉండకూడదు. ఉత్తరం చదివి ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు పొద్దున్నే లేచి దిమ్మను జరిపి కిటికీ కింద పెట్టాడు.

కిటికీ అవతల పెరడు. కిటికీకి మూడు బారల దూరంలో కొళాయి, బట్టలుతికే బండ. నేను బండ దగ్గర నిలబడితే దిమ్మ మీది కత్తి వెన్ను సూటిగా కనబడుతుంది. ఆయన వేసిన ఎత్తు ఇది: కత్తి దిమ్మ మీద ఉన్నంతసేపూ కొళాయి పారుతుండాలి. నీలం రాగానే నేను కట్టెయ్యాలి. నీళ్ళ చప్పుడు ఆగిందంటే ఆయన ముంచేస్తాడు. పెరట్లో బట్టలుతుక్కునే ఆడదాన్ని ఏ పరీక్షాధికారీ అనుమానించడు. ఈ ఎత్తు వేసిన రోజు ఆయన నాకు తన చేత్తో టీ పెట్టి ఇచ్చాడు.

నెలరోజులు తాలీము చేశాం. ఒకసారి నేను కిటికీలోకి చూస్తుండగా మా పిల్ల బడినుంచి వచ్చింది. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. నీళ్ళు పారబొయ్యకూడదని దానికి నేర్పింది నేనే. పరిగెత్తుకుంటూ వెళ్ళి కొళాయి కట్టేసింది. లోపల కత్తి సుయ్యిమంటూ నీళ్ళలో మునిగింది, తేనె రంగు మీద. ఎనిమిది రోజుల పని నాశనం. ఆయన బయటికొచ్చి పిల్లను కొట్టలేదు. ఆయన ఎప్పుడూ కొట్టడు. ఆ నిండు బకెట్‌ను దాని చేతికిచ్చి, చుక్క కింద పడకుండా పట్టుకుని నిలబడమన్నాడు.

"ఎంతసేపు నాన్నా?" అంది.

"నేను చెప్పేదాకా."

నేను అడ్డం వెళ్ళబోతే, "నువ్వు పట్టుకుంటావా? అయితే రేపటి పనికి నీ చేతులు వణుకుతాయి, కళ్ళు అదురుతాయి. అప్పుడు మొదటికే మోసం" అన్నాడు. పిల్ల ఎండలో నిలబడింది. చేతులు ఎర్రబడి, మణికట్లు వంగి, నీళ్ళు తొణికి ఫ్రాకు తడిసింది. ప్రతి తొణుకుకీ అది నాన్న మొహం చూసింది. అరగంట అయ్యాక నేనే వెళ్ళి బకెట్ లాక్కుని నీళ్ళన్నీ కొలిమి గడప మీద పోశాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నెలలో నన్నేమీ అనే ధైర్యం ఆయనకి లేదని అప్పుడే నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే అడగాల్సింది అడిగేశాను.

"ఈసారి నీలం నేను చెప్పాలంటే మీరొక మాట చెప్పాలి."

"ఏమిటది?"

"ఆ రోజు నొప్పులొస్తున్నాయని నేను చెప్పాను. మీరే ఆపారు. ఆ మాట ఎవరో ఒకరి ముందు మీ నోటితో చెప్పండి. ఒక్కసారి చాలు."

ఆయన చాలాసేపు సానరాయి మీది తడి తుడుస్తూ ఉండిపోయాడు. ఇంకేదో అడుగుతానని భయపడ్డట్టున్నాడు. "ఇంతేనా? చెప్తాను. కళ్ళ సంగతి కాదుగా?"

"కళ్ళ సంగతి నాకెందుకు."

"సరే. పరీక్షాధికారికే చెప్తాను. పోయినసారి ఎందుకు విరిగిందని వాళ్ళెలాగూ అడుగుతారు. ఆలస్యం చేసింది నేనేనని చెప్తాను. సరా?" అన్నాడు. సరేనన్నాను. ఆ రాత్రి నాలుగేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

పరీక్షాధికారి ఉదయం పదింటికి వచ్చాడు. బక్కపలచని మనిషి, అరవై దాటి ఉంటాయి, జేబులో భూతద్దం, మాట నెమ్మది. చూడాల్సిన ఐదు కత్తుల్నీ గుడ్డ మీద పరచుకుని, ఒక్కొక్కదాన్నీ పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, పిడికీ ఉక్కుకీ మధ్య సందు ఉందేమోనని వెలుతురుకి పెట్టి చూశాడు. గోటి మీద వాదర ఆనించి చూశాడు. "చెయ్యి మంచిది" అన్నాడు. మా ఆయన చెయ్యి మంచిదే. ఆ మాట నేనూ కాదనను.

తర్వాత నేను బట్టల గంప చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. కొళాయి తిప్పాను. లోపల దిమ్మ ఎర్రబడటం, ఆయన పట్టకారుతో కత్తిని ఆనించడం కనబడుతున్నాయి. పరీక్షాధికారి ఆయన భుజం వెనక నిలబడ్డాడు. "ఏ రంగు దగ్గర ఆపుతారు?" అని అడగడం వినబడింది. "వెన్ను నీలం, వాదర గడ్డిరంగు సార్" అని మా ఆయన అప్పజెప్పాడు. చదువుకున్న పాఠం కదా, తడబడలేదు.

గడ్డిరంగు లేచింది. తేనె రంగు దాన్ని ముందుకు తోసింది. నేను దుప్పటి పిండుతున్నదాన్ని పిండుతున్నట్టే ఉన్నాను. వంకాయరంగు వచ్చింది. నా చెయ్యి కొళాయి మీద ఉంది. ఇప్పుడే కట్టేస్తే ఆయన ఇప్పుడే ముంచేస్తాడు, ఇంకో గంటలో కత్తి వైసులో విరుగుతుంది, ఎందుకు విరిగిందో జన్మలో తెలుసుకోలేడు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, నిలబడింది. కానీ ఆయన మాటిచ్చాడు, ఆ మాట నాకు కావాలి. పిల్లాడి కోసం నాకు దక్కేది ఇంకేముంది. నీలం విచ్చుకుంది. ఎప్పుడూ చూడనంత నిండుగా, వెన్ను మొదలునుంచి మొన దాకా ఒక్క మచ్చ లేకుండా పరుచుకుంది. కొళాయి కట్టేశాను. లోపల సుయ్యిమంది.

"భలే. సరిగ్గా నీలం" అన్నాడు పరీక్షాధికారి.

ఇక మిగతాదంతా ఆయన చేతి పని. తాడు ఒక్క వేటుకి తెగి కింది ముక్క నేల మీద పడింది. దుంగను రెండుసార్లు నరికాడు. పరీక్షాధికారి తన చొక్కా చెయ్యి మడిచి ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకుని నవ్వాడు. కత్తిని వైసులో బిగించి, పిడికి ఇనప గొట్టం తొడిగి మా ఆయన లాగాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కత్తి వంగింది, ఇంకా వంగింది, మూలమట్టం అయింది. విరగలేదు. వదలగానే మూడొంతులు వెనక్కి లేచింది. మా ఆయన గొట్టం కింద పెట్టి మోకాళ్ళ మీద చేతులు ఆనించి వగర్చాడు. కళ్ళల్లో నీళ్ళు. నాకూ వచ్చాయి. ఆ కత్తి నాది కూడా.

పరీక్షాధికారి బల్ల ముందు కూర్చుని కాగితాలు తీశాడు. కలం మూత తిప్పి, పాత పత్రం ఒకటి చూసి, "అన్నట్టు పోయినసారి సగంలోనే విరిగిందని రాశారు. అప్పుడేమైంది? సంతకానికి ముందు ఇది నింపాలి" అన్నాడు.

నేను గుమ్మం పట్టుకున్నాను. మా ఆయన నావైపు చూశాడు. చూశాడు, అది గట్టిగా చెప్పగలను. నేను అడిగిన మాట చెబితే ముద్ర ఆగేది కాదు. ఆలస్యం నాదే సార్, భార్యని ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు, మనసు చెదిరింది అంటే ఆ పెద్దమనిషి అయ్యో అని రాసుకునేవాడు.

"ఏం చెప్పమంటారు సార్," అన్నాడు మా ఆయన, నుదురు తుడుచుకుంటూ. గెలిచినవాడి గొంతు అది. "అదేరోజు మా ఆవిడకి నొప్పులు. మనిషి మొండిది. చివరి నిమిషం దాకా చెప్పి చావలేదు. అటు పిల్లాడు దక్కలేదు, ఇటు నా మనసు చెదిరి కత్తి పాడైంది. ఆడవాళ్ళకి సమయం సందర్భం తెలియదు కదండీ."

చివరి మాటకి చిన్నగా నవ్వాడు కూడా. పరీక్షాధికారి నవ్వలేదు. "పాపం" అని రాసుకుని, నా వంక చూసి, "చెప్పాల్సిందమ్మా" అన్నాడు మెత్తగా. ముక్కూమొహం తెలియని మనిషి, అరగంటలో వెళ్ళిపోయే మనిషి. ఆయన కూడా నమ్మేశాడు.

"టీ తాగుతారా?" అని అడిగాను.

"తాగుతానమ్మా. చక్కెర మాత్రం వద్దు, షుగరుంది."

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పెట్టాను. అరలో గాజు గ్లాసులు నాలుగున్నాయి, రెండు నీలం, రెండు వంకాయరంగు. వంకాయరంగువి రెండూ తీశాను. రెండింట్లోనూ చక్కెర వెయ్యలేదు, ఆ పెద్దమనిషితో నాకు గొడవ లేదు. ఇదంతా ఆవేశంలో చేశానని చెప్పుకుంటే సుఖంగా ఉండేది. అప్పటికి ఆవేశం చల్లారిపోయింది. నేనేం చేస్తున్నానో, దాని తర్వాత ఈ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియదని కూడా తెలుసు. పిల్ల గుర్తొచ్చింది. అయినా టీ వడగట్టాను.

పళ్ళెం తెచ్చి మా ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"ఏమండీ, నీలం గ్లాసులో చక్కెర లేదు. అది సార్‌కి ఇవ్వండి. రెండోది మీది."

ఆయన తలెత్తాడు. ఇలాంటి చోట ఎప్పుడూ నేనే ముందు అందిస్తాను. పదకొండేళ్ళుగా ఆయన చెయ్యి తప్పుదారి పట్టకుండా కాపలా కాశాను. "నువ్వే ఇవ్వు" అన్నాడు. "చేతులు తడిగా ఉన్నాయండీ" అని చెంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి జరిగాను. ఆయన పళ్ళెంలోకి చూశాడు. రెండు గ్లాసులూ ఒకేలా కనబడి ఉంటాయి, ఎప్పుడూ కనబడినట్టే. రెండింట్లో ఒకటి నీలమని నమ్మాడు. నా మాట మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. కుడివైపుది తీసి రెండు చేతులతో అందించాడు.

"తీసుకోండి సార్. నీలం గ్లాసు. చక్కెర లేదు."

పరీక్షాధికారి అందుకోబోయి ఆగాడు. గ్లాసును చూశాడు, పళ్ళెంలో దాన్ని చూశాడు. "ఇదా?" అన్నాడు.

"అవును సార్."

"మరి ఆ పళ్ళెంలోది ఏ రంగు?"

మా ఆయన నాకోసం ఒక్క క్షణం వెతికాడు. నేను గోడను చూస్తున్నాను. "వంకాయరంగు సార్" అన్నాడు.

పరీక్షాధికారి గ్లాసు తీసుకుని రెండోదాని పక్కనే పెట్టాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూశాడు. కొళాయి, బండ, ఆ బండ మీంచి దిమ్మకి ఎంత దూరమో, అన్నీ చూశాడు. తిరిగి వచ్చి కలానికి మూత పెట్టాడు.

"నీళ్ళ చప్పుడు ఆగగానే ముంచారు మీరు. నేను విన్నాను. యాదృచ్ఛికం అనుకున్నాను" అన్నాడు.

మా ఆయన ఏదేదో మాట్లాడాడు. అలసటన్నాడు, పొగన్నాడు, ఇంకో కత్తి ఇప్పుడే చేసి చూపిస్తానన్నాడు. ఆయన అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. కొలిమి దగ్గర, వెళ్దామండీ అన్న రోజున నాది అదే గొంతు.

"మూడూ అయిపోయాయండీ. నేనేం చెయ్యలేను. కంటి పని మీది కాదు" అన్నాడు పరీక్షాధికారి. ఐదు కత్తుల్నీ గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా ముడివేసి మా ఆయన ముందు పెట్టాడు. నన్ను దాటుకుని వెళ్తూ ఆగాడు. "కళ్ళు మంచివమ్మా నీవి" అన్నాడు. అది మెచ్చుకోలు కాదు.

వీధి తలుపు పడ్డాక మా ఆయన రెండు గ్లాసులూ ఎత్తి వెలుతురుకి పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ మొదటిది. టీ చేతుల మీదికి కారినా పట్టించుకోలేదు.

"వీటిలో నీలం ఏది?"

"రెండూ కాదు."

కాసేపటికి అర్థమైంది. అరుస్తాడనుకున్నాను, మీదికి వస్తాడనుకున్నాను. ఏదో ఒకటి చేస్తే బాగుండుననుకున్నాను. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఏది తీసినా..." అని ఆగిపోయాడు.

"ఏది తీసినా తప్పే కావాలని" అన్నాను.

తర్వాత వైసు వదులు చేసి ఆ వంగిన కత్తిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలితో దాని వెన్ను పొడవునా నెమ్మదిగా తడిమాడు.

"ఇవాళ్టిది నిజంగానే నీలం వచ్చిందా?"

రాలేదు, అదృష్టం కొద్దీ నిలబడిందని చెప్పొచ్చు. చెబితే ఆయనకి కొంచెం తేలికయ్యేది. తనది కానిదాన్నే పోగొట్టుకున్నాననుకునేవాడు.

"వచ్చింది. ఈ పదకొండేళ్ళలో అంత మంచి నీలం మీ చేతిలో రాలేదు" అన్నాను.

ఆయన తల వంచుకుని ఆ ఉక్కునే చూస్తూ ఉండిపోయాడు. నన్ను పెళ్ళి చేసుకున్నాక ఒక్కసారి కూడా అడగని మాట అప్పుడు అడిగాడు, చిన్నపిల్లాడిలా.

"ఎలా ఉంటుందే అది?"

నేను చెప్పలేదు. పళ్ళెం తీసుకుని గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్ళాను.